బావ వెంట నడిస్తే బావకి కాపలా కాసినట్టేనా?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఎవరో గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేసి సంగతి చెబుతాను.

ఆయనకి 29 ఏళ్లు. మిర్చి యార్డులో నాన్నగారి కమీషన్ కొట్టు చూసుకుంటున్నారు. అక్కని విజయవాడ ఇచ్చారు. బావకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది, కొండలంటే పిచ్చి. ఆదివారం తెల్లారితే కొండపల్లి ఖిల్లా, లేదంటే కొండవీడు. ఈయనకి కొండలెక్కడం నేర్పింది కూడా బావే. పోయిన జనవరిలో బావ బ్యాచ్ తొమ్మిదిమంది ఉత్తరాఖండ్‌లో మంచు ట్రెక్‌కి వెళ్లారు. మూడో రోజు ఒక వాలుని అడ్డంగా దాటాలి. వెంట ఉన్న గైడు ఆగి, కాసేపు చూద్దామన్నాడు. 'టైమైపోతోంది, పదండి' అని బావ ముందు నడిచాడు, వెనకే ఈయన. పదడుగులు వేశారో లేదో కాళ్ల కింద 'ధబ్' మని శబ్దం వచ్చింది. చుట్టూ మంచు ఒక్కసారిగా ఒక అంగుళం కిందికి దిగినట్టయింది. బావ బూటు దగ్గర మొదలైన సన్నటి పగులు బెత్తెడు, బారెడు, చూస్తుండగానే పది గజాలు పాకింది. గైడు మాట్లాడకుండా చెయ్యి ఊపి అందర్నీ వచ్చిన అడుగుల్లోనే ఒక్కొక్కరిగా వెనక్కి రప్పించాడు. ఆ రోజుకి ట్రెక్ అక్కడితో సరి.

ఇంటికొచ్చాక ఆ సంగతి ఒక జోకైపోయింది. సంక్రాంతికి భోజనాల దగ్గర 'మా బావమరిది మొహం చూడాలి, పిండి కొట్టించుకున్నట్టు తెల్లబోయాడు' అని బావ చెబితే అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

ఈ ఫిబ్రవరిలో బావ ఏడుగురితో మనాలీ పైన సోలాంగ్ నుంచి బియాస్ కుండ్ అనే కొండల్లోని సరస్సుకి బయల్దేరుతున్నాడు. ఈసారి గైడు లేడు, 'వాడుంటే వెనక్కి తిప్పేస్తాడు' కనక. చండీగఢ్‌కి ఫ్లైట్ టిక్కెట్లు అయిపోయాయి, ఈయనది కూడా. వెళ్లడం ఈయనకి ఇష్టం లేదు. అక్కేమో ఫోన్ చేసి, 'ఆయన నా మాట వినరు, నువ్వు పక్కనుంటే నాకు ధైర్యంరా' అంటోంది. అమ్మ మాట ఇంకోలా ఉంది: 'ఆడపిల్లనిచ్చిన ఇల్లు, అల్లుడితో పేచీ పెట్టుకోకు.' ఉత్తరం చివర ఆయన ప్రశ్న: 'నేను నిజంగానే పిరికివాడినా? వెళ్లి బావకి కాపలా కాయాలా, ఇంట్లో కూర్చుని మాట పడాలా?'

ముందుగా ఆ 'ధబ్' సంగతి తేలుద్దాం. మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మీరు విన్నది భ్రమ కాదండీ. మంచుకొండల్లో తిరిగేవాళ్లు ఆ శబ్దం వింటే ఇంకో అడుగు ముందుకెయ్యరు. కొండ మీద మంచు ఒకటే ముద్ద కాదు. కురిసిన ప్రతిసారీ ఒక పొరగా పడుతుంది. చలికాలం మొదట్లో పడిన పల్చటి మంచు, ఆకాశం తేటగా ఉండి గడ్డకట్టించే రాత్రుల్లో పంచదార పలుకుల్లా మారిపోతుంది. పలుకుకీ పలుకుకీ పట్టు ఉండదు. దాని మీద తర్వాత కురిసిన మంచు, గాలి ఎత్తి తెచ్చి పోసిన మంచు అట్టకట్టి పలకలా కూర్చుంటుంది. మనిషి బరువు పడగానే కింది పలుకులు నలిగి కూలతాయి. మధ్యలో ఉన్న గాలి బయటికి తన్నుకొస్తుంది. అదే మీరు విన్న శబ్దం. బావ బూటు దగ్గర పాకిన పగులు ఆ పలక విడిపోవడమే. అలా విడిపోయిన పలక కిందికి జారితే అదే మంచుచరియ. ఆ చోట వాలు ఇంకాస్త ఎక్కువగా ఉండి ఉంటే ఈ ఉత్తరం మీరు రాసేవారు కాదు.

నమ్మకం కుదరకపోతే వంటింట్లో చేసి చూడండి. పెద్ద చెక్క పీట మీద గరుకు తువ్వాలు పరిచి, పల్చగా మైదా చల్లండి. దాని మీద ఒక వరస పంచదార. ఆ పైన మళ్లీ రెండు వేళ్ల మందాన మైదా పోసి అరచేత్తో మెల్లగా అదమండి. ఇప్పుడు పీటని ఒక పక్క నెమ్మదిగా ఎత్తుతూ పోండి. చాలాసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి పైన అడ్డంగా గీత గీసినట్టు పగిలి, పైపొర మొత్తం ఒకే చెక్కగా జారి కిందపడుతుంది. 'ఇదిగో జారబోతున్నాను' అని ముందుగా చెప్పదు. మంచుచరియల పాఠాలు చెప్పేచోట పిల్లలకి ఇలాగే చూపిస్తారు. మీ అక్కయ్యగారికి కూడా దీన్ని చూపించమంటాను, ఎందుకో తర్వాత చెబుతాను.

ఎంత వాలుంటే ప్రమాదం? ఇలాంటి పలకలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలు మీద జారతాయి. 30 డిగ్రీలంటే నిట్టనిలువు కొండ అనుకుంటాం. మీ మేడ మెట్ల వాలు ఇంచుమించు అంతే ఉంటుంది. 45 డిగ్రీల కన్నా బాగా నిటారుగా ఉన్నచోట మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. అంటే మనిషికి 'ఎక్కేయొచ్చులే' అనిపించే వాలే అన్నిటికన్నా చెడ్డది. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. సరదాగా కొండలకి వెళ్లి మంచుచరియ కింద పోయినవాళ్ల లెక్కలు చూస్తే, పది ప్రమాదాల్లో దాదాపు తొమ్మిదింట దాన్ని కదిలించింది పోయిన మనిషో, ఆయన వెంట ఉన్న మనిషో. మీ బావ చెప్పినట్టు 'రాసిపెట్టి ఉంటే పడుతుంది' అనడానికి ఇది ఆకాశం నుంచి పడే పిడుగు కాదు.

బావ వాదనలు మీరు వరసగా రాశారు కాబట్టి వాటికీ జవాబిస్తాను.

'మేం వాలు ఎక్కం, నది పక్కన లోయ అడుగునే నడుస్తాం' అన్నారట. వినడానికి బాగానే ఉంది. పైనుంచి జారిన మంచు ఎక్కడికొస్తుందో చూడండి, లోయ అడుగుకే కదా. సోలాంగ్ దాటి ధుంది మీదుగా బియాస్ కుండ్‌కి పోయే దారికి రెండు వైపులా ఏటవాలు కొండలే. అటల్ టన్నెల్‌కి పోయే రోడ్డు మీద చరియలు పడకుండా కాంక్రీటు కప్పులు కట్టారంటే ఊరికే కట్టలేదు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మానాలో రోడ్డు పని చేసే 54 మంది మీద మంచు పడింది. వాళ్లు ఏ కొండా ఎక్కలేదు, తమ క్యాంపులో ఉన్నారు. ఎనిమిదిమంది చనిపోయారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూ లా రోడ్డు దగ్గర ఏడుగురు టూరిస్టులు పోయారు. వాళ్లు ట్రెక్కింగ్‌కే రాలేదు, మంచు చూద్దామని వచ్చారు.

'సియాచిన్‌లో ఆరు రోజులు మంచు కింద బతికాడు కదా' అన్నారట. 2016 ఫిబ్రవరిలో పదిమంది సైనికులు కూరుకుపోతే బతికి బయటికొచ్చింది లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే. ఆయన చుట్టూ గాలి ఆడే ఖాళీ దొరికింది. ఆయన కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆస్పత్రిలో కన్నుమూశారు. మిగతా తొమ్మిదిమందిలో కర్నూలు జిల్లా నుంచి వెళ్లిన సైనికుడు కూడా ఉన్నారు. ఆ కథని ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకోవడం న్యాయమే గానీ, ట్రెక్ ప్లానుకి లెక్కగా చూపించడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు వెళితే బావకి కాపలా అవుతుందా?

మంచు కింద పడిన మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే మూడోవంతు మందే మిగులుతారు. ఎక్కువమంది పోయేది ఊపిరాడక. ఆ పదిహేను నిమిషాల్లో మనాలీ నుంచి ఎవరూ రాలేరు, హెలికాప్టరూ రాదు. తీయాల్సింది పక్కనున్నవాళ్లే. తీయాలంటే ముందు ఎక్కడున్నాడో తెలియాలి. జారి ఆగిన మంచు మీద నిలబడి చూస్తే అంతా తెల్లగా, గడ్డలు గడ్డలుగా ఒకేలా ఉంటుంది. అందుకని ప్రతి ఒక్కరి ఒంటి మీదా ట్రాన్సీవర్ ఉండాలి. అది సిగ్నల్ పంపుతుంది, అవసరమైనప్పుడు పక్కవాళ్ల సిగ్నల్ వెతుకుతుంది. చోటు దొరికాక పొడిచి చూడటానికి మడతపెట్టే పొడవాటి కడ్డీ కావాలి, తవ్వడానికి లోహపు పార కావాలి. మీ ఉత్తరంలో బావ కొన్న సామాన్ల జాబితా ఉంది. బూట్లకి తగిలించే ముళ్లు, టెంట్లు, గోప్రో, డ్రోన్ అన్నీ ఉన్నాయి. ఈ మూడూ లేవు.

సరే, చోటు తెలిసిందే అనుకుందాం. ఆగగానే ఆ మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది. మీటరు లోతున ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకి పైగా మంచు తవ్విపొయ్యాలి. మీ లెక్కలో చెప్పాలంటే పాతిక మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. యార్డులో పాతిక టిక్కీలు దించడానికి హమాలీలకి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. మీరు చేతులతో, తినే పళ్లేలతో, అదీ మూడువేల మీటర్ల పైన ఆయాసపడుతూ పదిహేను నిమిషాల్లో తవ్వాలి. అదీ మీరు ఆ మంచు కింద లేకపోతేనే. పోయినసారి బావ ముందు, మీరు పదడుగుల వెనక. ఆ పలక జారి ఉంటే ఇద్దరూ దాని మీదే ఉన్నారు.

కాబట్టి అక్కయ్యగారికి ధైర్యం ఇవ్వడానికి మీరు వెళితే ఆమె భయపడాల్సిన మనిషి ఒకరి నుంచి ఇద్దరవుతారు. దీన్ని మెత్తగా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

బావ మీద నాకు కోపం లేదు. ఎనిమిదేళ్లుగా ఒక బ్యాచ్‌ని ఎండలో వానలో కొండలెక్కించి ఒక్కరికీ దెబ్బ తగలకుండా దించిన మనిషి. ఆయనకొచ్చిన చిక్కు కూడా అదే. కొండపల్లి రాయి నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. మంచు రాత్రికి రాత్రి మారిపోతుంది. పైగా అది తప్పు చేసినవాడికి తప్పు చేశావని చెప్పదు. మీ వ్యాపారంలో తప్పు ధరకి సరుకు కొంటే సాయంత్రానికి తెలిసిపోతుంది. ప్రమాదకరమైన వాలు మీద నడిచినా చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాలేదు కాబట్టి నాకు తెలుసు అనిపిస్తుంది. అమెరికాలో ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు 700కి పైగా మంచుచరియ ప్రమాదాల్ని తిరగేసి చూస్తే, చాలాచోట్ల ప్రమాద సూచనలు కళ్లెదుటే ఉన్నాయి. వాటిని చూస్తూ కూడా ముందుకి నడిపించినవి వేరే ఉన్నాయి: తెలిసిన చోటే కదా అనే ధీమా, ముందు నడిచేవాడికి అన్నీ తెలుసన్న నమ్మకం, ఇంత దూరం వచ్చాక వెనక్కి పోవడమేంటన్న పట్టుదల, నలుగురిలో పలచనైపోతామన్న బెరుకు. నేను ఆ చివరిదాని బాపతు. ఒకసారి మనాలీ పైన నా ముందువాడి అడుగుల చుట్టూ మంచు పగలడం చూసి కూడా నోరెత్తలేదు, అందరూ నాకన్నా సీనియర్లని. ఏమీ కాలేదు. ఆ 'ఏమీ కాలేదు' గుర్తొస్తే ఇప్పటికీ నిద్రపట్టదు.

మీ ముందు మూడు దారులు కనబడుతున్నాయి.

వెళ్లడం ఒక దారి, అయితే ఇప్పుడున్న ప్లానుతో కాదు. చలికాలపు మంచు తెలిసిన స్థానిక గైడు ఉండాలి. అతను వెనక్కంటే వెనక్కే, డబ్బులిచ్చింది మేమే కదా అనకూడదు. ఎనిమిదిమందికీ ట్రాన్సీవర్, కడ్డీ, పార ఉండాలి. ముగ్గురికి ఉంటే చాలదు. వాటిని ముందే సాధన చెయ్యాలి. సూర్యలంక బీచిలో ఇసుకలో ఒకటి పాతిపెట్టి, మిగతావాళ్లు వాచీ పెట్టుకుని వెతకండి. మొదటిసారి అరగంట పట్టినా ఆశ్చర్యపోను. జేబులో ఫోను, గోప్రో దగ్గరగా ఉంటే సిగ్నల్‌ని పాడుచేస్తాయని కూడా అక్కడే తెలుస్తుంది. అనుమానమున్న వాలు దాటాల్సి వస్తే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు పక్కన క్షేమమైన చోట నిలబడి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. ఏ ఒక్కరు 'వద్దు' అన్నా, కారణం అడక్కుండా అందరూ తిరగాలి. దీన్ని విజయవాడలోనే అందరి చేతా ఒప్పించాలి. ఇన్ని చేసినా పూచీ ఉందా అంటే లేదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపది కా దండా-2 మీద మంచుచరియ పడింది. పర్వతారోహణ శిక్షణ బృందం అది, వెంట శిక్షకులున్నారు. అయినా కనీసం 27 మంది చనిపోయారు. పరికరాలు ప్రమాదం జరిగాక పనికొస్తాయి, జరగకుండా ఆపవు. నిజం చెప్పాలంటే ఫిబ్రవరికి ఇన్ని సమకూరతాయని నాకు నమ్మకం లేదు.

రెండోది, ఊరు మార్చకుండా దారి మార్చడం. మంచులో నడవాలన్న సరదా తప్పేమీ కాదు. 30 డిగ్రీల కన్నా బాగా తక్కువ వాలు మీద, పైన ఏటవాలు కొండ లేని చోట నడిస్తే ఈ భయం చాలావరకు ఉండదు. ఫోనులో వాలు కొలిచే యాప్ ఉంటుంది, కొలవడం నిమిషం పని. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది, అవి రోజూ చూడాలి. చాలా దేశాల్లో వాడే ఐదు మెట్ల ప్రమాద కొలమానంలో 3 అంటే 'మధ్యస్తమే కదా' అనుకుంటారు. ఎక్కువమంది పోయేది ఇంచుమించు ఆ మెట్టు మీదే. చలికాలంలో ఎత్తుకి పోయే ట్రెక్కుల్ని కుల్లు జిల్లా అధికారులు ఆపేస్తుంటారు కూడా, ఆ ఆదేశాలున్నాయేమో కనుక్కోండి. ఇంకోటి, పెద్ద మంచు కురిసి ఆగిన మర్నాడు ఆకాశం నీలంగా, ఎండ బంగారంలా ఉంటుంది. ఫొటోలకి అంతకన్నా మంచి రోజు దొరకదు. చరియలు ఎక్కువగా జారేది కూడా ఆ ఒకటి రెండు రోజుల్లోనే. ఐదు రోజుల సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లకి ఆ రోజు గదిలో కూర్చోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. బియాస్ కుండే చూడాలంటే జూన్‌లోనో సెప్టెంబర్ చివర్లోనో వెళ్లొచ్చు, ఆ కుండం ఎక్కడికీ పోదు. ఈ దారి వల్ల బావ పరువు కూడా నిలుస్తుంది. బ్యాచ్‌లో ఒకరిద్దరు నిరాశపడతారు, అంతే.

మూడోది మానేయడం. టిక్కెట్టు డబ్బులు పోతాయి. వచ్చే సంక్రాంతికి జోకు ఇంకాస్త పెద్దదవుతుంది. వాళ్లు క్షేమంగా తిరిగొస్తే, రావాలనే కోరుకుందాం, 'చూశావా ఏమీ కాలేదు' అంటారు. అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. ఆ మాట పడటానికి సిద్ధపడే మానాలి. మానేసినా చేతులు దులుపుకోనక్కర్లేదు. వాళ్లు వెళ్లే దారి, రోజువారీ మజిలీలు కాగితం మీద రాయించుకోండి. ఫలానా సాయంత్రానికి ఫోను రాకపోతే మనాలీ పోలీసులకి ఫోను చేస్తానని బావకి ముందే చెప్పండి.

ఈ మూడింట్లో నేనైతే రెండోదాని కోసం గట్టిగా ప్రయత్నించి, కుదరకపోతే మూడోదానికి పోతాను. మొదటిదానికి ఈ ఏడు టైము లేదు. కానీ బావతో రేపు కూర్చుని భోంచెయ్యాల్సింది మీరు, నేను కాదు.

బావకి ఎలా చెప్పాలన్నది మిగిలింది. భోజనాల దగ్గర వద్దు, బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అసలు వద్దు. నలుగురి ముందు 'సరే, నువ్వన్నదే నిజం' అనడం ఎంత మంచివాడికైనా కష్టమే. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉండే వేళ ఆటోనగర్ వెళ్లండి. టీ తాగుతూ, ఆ వాలు మీద మీకు వినిపించిందీ కనిపించిందీ మొదటి నుంచీ చెప్పండి. 'బావా, మీకు తెలీదు' అని మొదలుపెట్టకండి. 'బావా, ఆ రోజు నాకు భయమేసింది. అది ఏమిటో తర్వాత తెలుసుకున్నాను, మీకూ చెబుదామని వచ్చాను' అంటే వినే అవకాశం ఉంది. పోయినసారి గైడు వెనక్కి తిప్పడం వల్లే ఇవాళ ఇద్దరూ టీ తాగుతున్నారన్న మాట కూడా మీ నోటి నుంచే రావాలి. కొండ మీద, ఏడుగురు చూస్తుండగా, చలిలో, శిఖరం కనబడుతున్నప్పుడు ఇదే మాట అనడం పదింతలు కష్టం. పోయిన జనవరిలో మీరు ఆ కష్టం చూశారు.

అంతకన్నా ముందు అక్కయ్యగారి దగ్గరికి వెళ్లండి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఒకే వాక్యం, 'అక్క కూడా నవ్వింది' అన్నది. ఆమె నవ్వింది ఆమెకి తెలిసిన కథకి. బావ మీ మొహం గురించి చెప్పాడు గానీ పాకిన పగులు గురించి చెప్పలేదు, మీరూ చెప్పలేదు. అసలేం జరిగిందో తెలియకుండానే ఆమె తమ్ముణ్ణి కాపలాగా పంపుతోంది. తెలిస్తే ఏమంటుందో మీరు ఊహించి భయపడుతున్నారు, నేను ఊహించను. పీట, మైదా, పంచదార ఆమె వంటింట్లోనే ఉంటాయి. చూపించి, ఆ తర్వాత జరిగింది చెప్పండి. అమ్మగారి మాట కూడా కొట్టిపారేయకండి, అల్లుడితో పేచీ వద్దనడం ఆమె అనుభవం. అక్కే మాట్లాడితే అది పేచీ కాదు, వాళ్లింటి సంగతి.

టిక్కెట్లు చండీగఢ్ వరకే అని రాశారు. అక్కడి నుంచి ఎక్కడికి పోవాలన్నది ఇంకా మీ చేతుల్లోనే ఉంది. నగ్గర్‌లో పాత కోట ఉంది, సోలాంగ్‌లో మైదానం లాంటి చోట మంచు ఉంటుంది. బావ డ్రోన్ అక్కడా ఎగురుతుంది, అధికారులు ఒప్పుకుంటే.